తాబేలుతో పందెం వేసిన పాలసీదారుడు

స్వరూప గ్రూప్స్ పరీక్ష ఒకసారి రాసి కొద్ది మార్కుల్లో పోగొట్టుకుంది. రెండోసారి రాయడానికి అశోక్‌నగర్ హాస్టల్లోనే ఉండిపోయింది. ఊరు తొర్రూరు పక్కన. ఇంట్లో డబ్బులు ఎంతకాలమని అడుగుతామని, 2012 వేసవిలో నారాయణగూడలో రామచంద్రం గారి ట్రావెల్స్ ఆఫీసులో చేరింది. పొద్దున పది నుంచి మూడు దాకా పని, తర్వాత లైబ్రరీ.

ఆ ఆఫీసులో ఆమెకు అప్పగించింది విదేశాలకు వెళ్లేవాళ్లకు ఆరోగ్య బీమా పాలసీలు రాసే పని. పాలసీతోపాటు ముప్ఫై రెండు పేజీల పుస్తకం ఒకటి ఇస్తారు. దాన్ని ఎవరూ చదవరు. స్వరూప చదివింది. మూడేళ్లుగా కనిపించిన అక్షరాన్నల్లా కంఠస్థం చేయడం అలవాటైపోయిందేమో, నాలుగు రోజుల్లో పుస్తకమంతా నోటికొచ్చేసింది. ఇరవై ఏళ్లుగా తాను అమ్ముతున్న పాలసీలో ఏముందో రామచంద్రం గారికి ఆ వారమే మొదటిసారి తెలిసింది.

"పంటికి దెబ్బ తగిలితే ఇస్తరు సార్, పన్ను పుచ్చిపోతే ఇయ్యరు. తొమ్మిదో పేజీ," అని ఆమె అంటుంటే ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "అవునా!" అని ఆశ్చర్యపోయేవాడు.

జూన్ నెలాఖరులో ఒకరోజు చిక్కడపల్లి నుంచి సూర్యప్రకాశరావు, రత్నమాల వచ్చారు. ఆయన నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. వయసు అరవై తొమ్మిది. రోజూ ఇందిరా పార్కులో నడుస్తాడు, నడిచానని రోజంతా చెబుతాడు. వాళ్ల పెళ్లయి నలభై ఐదేళ్లు నిండుతున్నాయి. ఎక్కడికైనా వెళదామని ఆయన అంటే, పళ్ల డాక్టరు గది గోడమీది క్యాలెండర్లో ఆగస్టు నెల బొమ్మ చూపించి "ఇక్కడికి" అందట ఆవిడ. అది హిందూ మహాసముద్రంలో ఒక చిన్న దీవి. దాని పేరు సరిగ్గా పలకడం రామచంద్రం గారికే చేతకాక, అందరూ "ఆ దీవి" అనే అనేవారు.

టిక్కెట్ల పని అయ్యాక స్వరూప పాలసీ ఫారం ముందు పెట్టింది. సూర్యప్రకాశరావు దాన్ని వేలితో వెనక్కి తోశాడు.

"నాకెందుకమ్మా ఇవన్నీ? పొద్దున్నే నాలుగు రౌండ్లు కొడతాను. పాతికేళ్ల కుర్రాళ్లు నా వెనక రొప్పుతూ వస్తారు."

"మీరు మంచిగనే ఉన్నరు సార్. దీవే జర చిన్నగున్నది," అంది స్వరూప. "అక్కడ ఒక్కటే దవాఖాన, ఒక్కడే డాక్టరు. అక్కడోళ్లకు ఫ్రీ, బయటినుంచి పోయినోళ్లు పైసలు కట్టాలె. సూది మందు, కట్టు కట్టుడు అంటే అయితది. పెద్ద ఆపరేషన్ అంటే సముద్రం దాటి పెద్ద దీవికి పోవాలె."

"ఆపరేషన్ ఎవరికి?"

"ఎవ్వరికి కాదు సార్. ఊకెనే చెప్తున్న."

రత్నమాల ఫారం తనవైపు లాక్కుని ఇద్దరి పేర్లూ రాసేసింది. చివర్లో జబ్బుల పట్టిక వచ్చింది. రక్తపోటు ఉందా అన్నచోట ఆయన కలం లాక్కుని పెద్ద అక్షరాలతో 'లేదు' అని రాశాడు. రత్నమాల హ్యాండుబ్యాగులోంచి మాత్రల అట్ట తీసి బల్లమీద పెట్టింది.

"ఇదేవిటండీ మరి? పిప్పరమెంటా?"

స్వరూప పక్క సీట్లో కూర్చునే మహిత కంప్యూటరు తెర వెనక్కి తలదించేసింది. ఆ పిల్ల భుజాలు ఊగుతున్నాయి.

"అది బీపీ కాదు. కాస్త టెన్షన్ ఉంటే వేసుకొమ్మన్నాడు డాక్టరు," అన్నాడు సూర్యప్రకాశరావు, ముఖం ఎర్రబడుతుండగా.

"ఉన్నది దాచిపెడితే రేపు ఏమన్న అయితే వాళ్లు ఇయ్యరు సార్," అంది స్వరూప. "రాస్తే ఒక్క నిమిషం కోపం. రాయకపోతే పరేషాన్."

ఆయన కొట్టేసి 'ఉంది' అని రాశాడు. నొక్కినతీరుకు కింది కాగితం మీద కూడా పడింది.

వాళ్లు దీవికి వెళ్లిన నాలుగో రోజు మంగళవారం. మధ్యాహ్నం పన్నెండున్నరకు ఆఫీసు ఫోను మోగింది. స్వరూప ఎత్తింది. అవతల రత్నమాల గొంతు. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు.

"అమ్మాయ్ స్వరూపా! మీ సారు తాబేలుని గుద్దేశారమ్మా!"

"ఏందమ్మా?"

"తాబేలు! ఇక్కడ రోడ్ల మీద మన గేదెల్లాగా తిరుగుతుంటాయి. ఒక్కోటి టీపాయ్ అంత! నిన్ననే సైకిల్ అద్దెకు తీసుకున్నారు. పొద్దున్న ముందొకటి నడిచిపోతుంటే, 'రత్నం, ఆ మలుపులోపల దీన్ని దాటేస్తాను, పందెం' అన్నారు. నేనూ సరేనన్నాను, నాకూ బుద్ధిలేదు. దాటేశారమ్మా, దాటేశారు! దాటేసి, రెండు చేతులూ వదిలేసి, వెనక్కి తిరిగి నాకేసి చూశారు. ఎదురుగా ఇంకోటుంది. అది కనబడలేదు."

ఆవిడ గొంతు సన్నబడింది. "తొడ ఎముక విరిగిందంటున్నారు. లేవలేకపోతున్నారు. నాకు చేతులాడ్డం లేదమ్మా."

స్వరూప కుర్చీలోంచి లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు. పరీక్ష హాల్లో గంట కొట్టినట్టయింది.

"అమ్మా, సారు మాట్లాడుతున్నరా? తలకు ఏమన్న తగిలిందా?"

"తలకేం కాలేదు. సూది ఇచ్చారు, నొప్పి తగ్గినట్టుంది. డాక్టరు మంచాయన. కాలికి చెక్క కట్టారు. ఇక్కడ చెయ్యలేం, పెద్ద దీవికి తీసుకెళ్లాలి, సముద్రం ఎగిరెగిరి పడుతోంది, పడవలో కుదుపులకు ఎముక కదిలితే ప్రమాదం, హెలికాప్టరే రావాలంటున్నారు. ఇన్సూరెన్సు వాళ్లు ఖర్చు మేం చూసుకుంటామని కాగితం పంపితే వాళ్లు బయల్దేరతారట. చీకటి పడితే ఇక్కడ దిగలేరట."

"ఇప్పుడు అక్కడ టైమెంతమ్మా?"

"పదకొండు."

"సాయంత్రం నాలుగు లోపట కాగితం వస్తది. మీరు డాక్టరు దగ్గర రిపోర్టు రాయించి మా ఆఫీసు మెయిలుకు పంపియ్యున్రి."

రత్నమాల గొంతు తగ్గించింది. "అమ్మాయ్, పందెం అంటే బాగోదేమో. బాత్రూములో జారిపడ్డారని చెప్పేదా?"

"అస్సలు వద్దమ్మా! అబద్ధమని తెలిస్తే పాలసీ మొత్తం పోతది. ఇరవై ఆరో పేజీ. జరిగింది జరిగినట్టే చెప్దాం."

ఫోను పెట్టేసి, పుస్తకం మీద అచ్చువేసిన అత్యవసర నంబరుకు సెల్లులోంచి చేసింది. లైనులో ఆగమని సన్నాయి వినిపించింది. తొమ్మిది నిమిషాలు వినిపించింది. రామచంద్రం గారు చేతులు నలుపుకుంటూ, "చిక్కడపల్లిలో వాళ్ల బ్రాంచి ఉంది. వేదవతి గారని క్లెయిమ్స్ ఆఫీసరు. సంతకం పెట్టే అధికారం ఆవిడకుంది. కానీ..." అని ఆగాడు.

"కానీ ఏంది సార్?"

"ఆవిడ నవ్వగా చూసినవాడు లేడు."

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, కంప్యూటరు ఆరిపోయింది, సన్నాయి మాత్రం సెల్లులో మోగుతూనే ఉంది.

"అక్కా, నా స్కూటీ!" అని మహిత తాళం చెవులు గాల్లోకి ఎగరేసి పట్టుకుంది.

సూర్యప్రకాశరావు రాసిన ఫారం తీసుకుని ఇద్దరూ అశోక్‌నగర్‌కు దూసుకెళ్లారు. అక్కడ నాగేందర్ జిరాక్స్ సెంటరుంది. కరెంటున్నా లేకున్నా ఆగని జనరేటరు, నాలుగు కంప్యూటర్లు, పోటీ పరీక్షల నోట్సు కాపీల కోసం పొద్దున్నుంచి నిలబడే పాతికమంది. స్వరూపను ఆ కొట్లో అందరూ ఎరుగుదురు. "తమ్ముడూ, జర జరగున్రి, ఒక సారుకు కాలు విరిగింది!" అంటే దారి ఇచ్చారు గాని, ఎవరూ బయటికి పోలేదు. వెనకే గుమిగూడారు.

మెయిలు వచ్చి ఉంది. తెరిస్తే మొత్తం ఫ్రెంచిలో ఉంది.

స్వరూప మహితవైపు చూసింది. కొట్టంతా మహితవైపు చూసింది. మహిత ఇంటర్లో రెండో భాషగా ఫ్రెంచి తీసుకుని నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకున్న సంగతి ఆఫీసులో రోజుకోసారి వినబడేది.

"అక్కా, అది మార్కుల కోసం!" అంది మహిత ఏడుపు ముఖంతో. "నా కుటుంబం గురించి పది వాక్యాలు, ఎండాకాలం సెలవుల గురించి పది వాక్యాలు. అంతే వచ్చు."

"సారు కూడా సెలవులకే పోయిండు. చదువు."

మహిత తెరమీద వేలుపెట్టి ఒక్కో మాటే కూడబలుక్కుంది. "మిస్టర్ రావు... అరవై తొమ్మిదేళ్లు... కుడి తొడ ఎముక... సైకిల్... 'కూర్స్', అంటే కోర్సు... వ్యతిరేకంగా... తాబేలు." తలెత్తింది. "తాబేలుకి వ్యతిరేకంగా కోర్సు చేస్తూ కిందపడ్డాడట."

"ఎన్ని నెలల కోర్సట?" అన్నాడు వెనకనుంచి ఎవడో. అంతే, పాతికమందీ ఘొల్లుమన్నారు. నాగేందర్ జిరాక్స్ మిషను మూత పట్టుకుని వంగిపోయాడు. స్వరూప కూడా నవ్వాపుకోలేక నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది, ఆ మరుక్షణమే అక్కడ మంచంమీద కదల్లేని మనిషి గుర్తొచ్చి తన్ను తాను తిట్టుకుంది. నాగేందర్ ఇంటర్నెట్లో ఆ మాట వెతికి చూశాడు. కోర్సు కాదు, పందెం.

'రోగి తాబేలుతో పందెంలో పాల్గొంటుండగా' అని రాశాడు ఆ డాక్టరు. రత్నమాల చెప్పిందంతా ఒక్క అక్షరం పోకుండా రాశాడు.

స్వరూపకు నవ్వు ఆగిపోయింది. పందొమ్మిదో పేజీ, నిబంధన పదమూడు. పరుగు పందేలు, వాహనాల పందేలు, ఇతర పోటీల్లో పాల్గొన్నప్పుడు తగిలిన దెబ్బలకు బీమా వర్తించదు.

"అక్కా, ఇప్పుడెట్లా?" అంది మహిత.

స్వరూప కళ్లు మూసుకుంది. పాలసీ పుస్తకం పేజీలు ఒక్కొక్కటే లోపల తిరుగుతున్నాయి. పందొమ్మిది నుంచి వెనక్కి వెళ్లింది. పదిహేను. ఎనిమిది. నాలుగు. కళ్లు తెరిచింది.

"నాగేందరన్నా, ఇది రెండు ప్రింట్లు తీయి. మహితా, దీని కింద తెలుగులో అర్థం రాయి. పందెం అనే రాయి. నడువు, చిక్కడపల్లి."

బ్రాంచి ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. ఇద్దరూ రొప్పుతూ ఎక్కేసరికి రెండున్నర. వేదవతి గారు భోజనం ముగించి, స్టీలు డబ్బా మూత బిగిస్తోంది. జుట్టు ముడి, నిలువు బొట్టు, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. కాగితాలు అందుకుని నెమ్మదిగా చదివింది. మహిత తెలుగు అనువాదం రెండుసార్లు చదివింది.

"బీపీ ఉన్నట్టు ముందే రాశారా?"

"రాసిన్రు మేడమ్. ఇగో ఫారం."

వేదవతి కాగితం తిప్పి, వెనకవైపు కూడా అచ్చుపడినంత గట్టిగా నొక్కి రాసిన 'ఉంది' మీద వేలితో తడిమింది. "అది బానే ఉంది. కానీ పందెం అని డాక్టరే రాశాడు కదమ్మా. నిబంధన పదమూడు..."

"తెలుసు మేడమ్. పోటీ అంటే ఏందో నాలుగో పేజీల ఉన్నది," అంది స్వరూప. ఊపిరి ఇంకా కుదుటపడలేదు. అయినా ఆగలేదు. "'పోటీ అనగా ఇద్దరు లేక అంతకు మించిన వ్యక్తులు, ముందుగా అంగీకరించిన నియమములకు లోబడి, విజయము కొరకు పాల్గొను కార్యక్రమము.' మేడమ్, అక్కడ వ్యక్తి ఒక్కడే. సూర్యప్రకాశరావు సారు. తాబేలు వ్యక్తి కాదు. దానికి నియమాలు ఎవ్వరు చెప్పలే, అది ఒప్పుకోలే. గెలవాలని దానికేం లేదు. దాని మానాన అది పోతున్నది. పైగా పందెం వేసిన తాబేలు ఒకటి, సారు గుద్దింది ఇంకోటి. రెండోదానికి పందెం సంగతే తెల్వదు మేడమ్."

గదిలో పనిచేస్తున్న ముగ్గురు గుమాస్తాలు కీబోర్డుల మీద చేతులు ఆపేశారు.

వేదవతి పుస్తకం తెప్పించుకుని నాలుగో పేజీ తీసింది. చదివింది. కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టింది. మళ్లీ పెట్టుకుంది. గోడ గడియారం పది తక్కువ మూడు చూపిస్తోంది.

"వాళ్లావిడ," అంది వేదవతి చివరికి, "అక్కడే నిలబడి చూస్తోందా?"

"ఆమెకు చూపియ్యనీకే వెనక్కి తిరిగిండు మేడమ్. రెండు చేతులు ఇడిసిపెట్టి."

ముందు వేదవతి చెవి రింగులు కదిలాయి. తర్వాత భుజాలు. తర్వాత స్టీలు డబ్బా బల్లమీంచి దొర్లి కిందపడి, గది ఆ చివరిదాకా గణగణమంటూ పోయింది. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లనీళ్లు కారుతుంటే, ఎడమచేత్తో టేబుల్ పట్టుకుని, కుడిచేత్తో సంతకం పెట్టింది. "ఫ్యాక్సు... ఫ్యాక్సు చేయండయ్యా తొందరగా!" అనేలోపల మళ్లీ నవ్వు తన్నుకొచ్చింది. గుమాస్తాలు ఫ్యాక్సు చూడాలో ఆవిణ్ని చూడాలో తెలియక తికమకపడ్డారు.

కాగితం వెళ్లింది. నాలుగున్నరకు, అంటే దీవిలో మూడు గంటలకు, స్వరూప సెల్లు మోగింది. పనివేళ దాటిపోయింది, కరెంటు వచ్చిందో లేదో చూడటానికైనా ఆఫీసుకు పోలేదు ఆమె. జిరాక్స్ సెంటరు మెట్లమీద మహితతో కూర్చుని ఉంది. ఎత్తితే పెద్ద హోరు.

"వచ్చిందమ్మాయ్! వచ్చింది!" రత్నమాల అరుస్తోంది. "ఎక్కించేశారు! మీ సారు..."

వెనకాల సూర్యప్రకాశరావు గొంతు, మత్తుమందు ప్రభావమో ఏమో, పెళ్లిబస్సు ఎక్కిన కుర్రాడిలా వినిపించింది. "కిటికీ వైపు నేనే! రత్నం, కిటికీ వైపు నేనే!"

"మీరు పడుకునున్నారండీ, మీకు కిటికీ ఏవిటి!" అందావిడ. ఫోను కట్టయింది.

స్వరూప లేచి కొట్లోకి తిరిగి, "ఎగిరింది!" అని కేక పెట్టింది. పాతికమంది చదువుకునే పిల్లలు చేతుల్లో నోట్సులు గాల్లోకి విసిరారు. ఎవరి కాగితాలు ఎవరివో కలిసిపోయి, చరిత్ర తీసుకునేవాడి చేతికి భూగోళం, భూగోళం వాడి చేతికి అర్థశాస్త్రం వచ్చాయి. వాటిని వేరు చేసుకోవడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా నాగేందర్ అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించి పెట్టాడు.

సాయంత్రం స్వరూప ఊరికి ఫోన్ చేసి తల్లి సత్తవ్వకు జరిగిందంతా చెప్పింది. హెలికాప్టరు, ఫ్రెంచి, వేదవతి మేడమ్, అన్నీ. సత్తవ్వ అడ్డురాకుండా వింది.

"గంతా మంచిగనే ఉన్నది బిడ్డా," అంది చివరికి. "మరి ఆ తాబేలుకు ఏం కాలే గద?"

పొద్దున్నుంచి ఇంతమంది, ఒక్కరూ ఆ మాట అడగలేదు. మర్నాడు ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పడానికి రత్నమాల ఫోన్ చేసినప్పుడు, స్వరూప మొహమాటపడుతూనే అడిగింది.

"దానికేం! తల లోపలికి తీసుకుంది, మళ్లీ బయటపెట్టింది, ఆకు నమిలింది. ఈయన కింద పడి మూలుగుతుంటే పక్కనే నిలబడి నమిలింది," అంది రత్నమాల. "అమ్మాయ్, ఒక సంగతి చెప్పనా? ఆ హెలికాప్టర్లోంచి చూస్తే దీవంతా నీళ్లమీద తేలే తమలపాకులా ఉంది. ఆయనకు కనబడదుగా, నన్ను చెప్పమన్నారు. నేను చెబుతుంటే నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుని విన్నారు. నలభై ఐదేళ్లలో నేను అంతసేపు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డుపడకుండా వినడం అదే మొదటిసారి."

నెల తర్వాత సూర్యప్రకాశరావు వాకరు సాయంతో, భార్య వెంటరాగా, నారాయణగూడ ఆఫీసు మెట్లెక్కాడు. రామచంద్రం గారు కుర్చీ వేయబోతే వద్దన్నాడు. స్వరూప ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. చెప్పాలనుకున్నది బాగానే సిద్ధం చేసుకుని వచ్చినట్టున్నాడు, కానీ అంతా మరిచిపోయాడు.

"అమ్మా," అన్నాడు. "నువ్వు... మాతో భోజనానికి రావాలి. మహితా నువ్వూ ఇద్దరూ రావాలి. ఇప్పుడే. రత్నం పొద్దున్నే లేచి చేసింది."

"ఆటో పిలుస్త సార్," అంది స్వరూప.

"ఆటో ఎందుకు? చిక్కడపల్లే కదా. డాక్టరు నడవమన్నాడు."

రామచంద్రం గారు చెయ్యి ఊపి ఇద్దరికీ సెలవిచ్చేశాడు. నలుగురూ రోడ్డుమీదికి వచ్చారు. నారాయణగూడ చౌరస్తాలో మధ్యాహ్నపు బస్సులు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఆటోవాళ్లు హారన్లు వాయిస్తున్నారు. స్వరూప ఆయన మోచేయి పట్టుకోబోయేలోపలే సూర్యప్రకాశరావు వాకరు రెండు చేతులతో పైకెత్తి, వస్తున్న సిటీ బస్సుకు ఎదురుగా చూపించి, రోడ్డు మధ్యకు దిగాడు. బ్రేకు కీచుమంది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏంది పెద్దాయనా, నిమ్మళంగ!" అని అరిచాడు.

"నేను నిమ్మళంగానే వెళుతున్నానయ్యా! తొందర నీది!" అని ఆయన అంతకంటే గట్టిగా అరిచాడు.

రత్నమాల కొంగు నడుముకు బిగించి, ఆయన వెనకే చెయ్యి అడ్డంపెట్టి మిగతా బస్సులన్నీ ఆపేసింది. మహిత కడుపు పట్టుకుని రోడ్డు మధ్యలోనే కూలబడేలా ఉంది. స్వరూపకు నవ్వుతో కళ్లు కనబడ్డం లేదు. డివైడరు మీద ఒక చెయ్యి ఆన్చి, రెండో చేత్తో మహితను లాక్కుంటూ, ఆగిపోయిన బస్సుల మధ్య నుంచి వాళ్ల వెంట పరుగెత్తింది.